బండి వెంట పోయిన వాసన

బాలప్పకు వాసన తెలియదన్న సంగతి అప్పట్లో ముగ్గురికే తెలుసు. బాలప్పకు, ఆయన భార్య అరుణమ్మకు, నాకు. నాకు తెలుసన్న సంగతి మాత్రం వాళ్లిద్దరికీ తెలియదు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పాత రోడ్డు మలుపు దగ్గర నాది లేత్ షెడ్డు, పక్కది బాలప్పది. పందొమ్మిదేళ్లపాటు మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక రేకుల గోడే. అతనిది కొండాపూర్ మండలంలో ఒక పల్లె. నాలుగెకరాల మీద ముగ్గురన్నదమ్ములు బతకలేక అతను మందుల కంపెనీలో చేరి, పదకొండేళ్లు సాల్వెంట్ డ్రమ్ములు దొర్లించాడు. అక్కడ ముక్కు పోయింది. ఏ రోజున పోయిందో అతనికే తెలియదు. ఆ తర్వాత కంపెనీ మానేసి ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల పని నేర్చుకున్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజెక్టర్ మీద, ఇంకో కొన చెవికి ఆనించి, ఏది సరిగ్గా కొడుతుందో ఏది కొట్టడం లేదో చెప్పేవాడు. నేను చూసినంతలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

అయినా మెకానిక్కుకు ముక్కు లేకపోవడం చిన్న విషయం కాదు. బానెట్ ఎత్తగానే పెట్రోలు కారుతుందా, నూనె మాడుతుందా, వైరు కాలుతుందా అని ముందు చెప్పేది ముక్కే. ఈ సంగతి బయటపడితే ఎవడూ బండి ఇవ్వడు. అందుకని భార్యాభర్తలు ఒక పద్ధతి పెట్టుకున్నారు. అరుణమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చేది. డబ్బా చేతిలో ఉండగానే బానెట్ దగ్గరికి వెళ్లి వంగేది. "జెర సూడు" అనేవాడు బాలప్ప. "పెట్రోలు" అనో, "నూనె" అనో, "ఏం లేదు" అనో ఒక్క మాట చెప్పి, అప్పుడు అన్నం వడ్డించేది.

పెళ్లానికి బండ్లు చూపించి మురిసిపోతున్నాడని వాడంతా నవ్వుకునేది. నేనూ నవ్వాను. మూడేళ్ల కింద ఒక సాయంత్రం అతని షెడ్డులోకి వెళితే గ్యాసు వాసన గుప్పుమంది. అతను మాత్రం చాయ్ పెడదామని నిమ్మళంగా అగ్గిపుల్ల తీస్తున్నాడు. బీడీకి కావాలని అగ్గిపెట్టె లాక్కుని, సిలిండర్ కట్టేశాను. నా నవ్వు ఆ రోజుతో పోయింది. కానీ అడగలేదు. ఎదుటివాడు దాచుకున్నదాన్ని కెలకడం మర్యాద కాదనుకున్నాను. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

మొన్న వానాకాలం మొదట్లో మహేంద్ర అనే కుర్రాడు ఒక పాత జపాన్ కారు తోలుకొచ్చాడు. వాళ్ల నాన్న కామేశ్వరరావు గారు గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. కొడుక్కి పాత కార్ల పిచ్చి. ఆ కారుది రోటరీ ఇంజన్. దానిలో పిస్టన్లు ఉండవు. మూడు మూలల ఇనుప దిమ్మ ఒకటి కోడిగుడ్డు ఆకారపు గదిలో గిరగిరా తిరుగుతుంది. లోపల పెట్రోలు కాస్త ఎక్కువైతే చాలు, ప్లగ్గులు తడిసి మొరాయిస్తుంది.

"పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుందండీ" అన్నాడు మహేంద్ర. "కాసేపు తిరిగాక ఆపి, పది నిమిషాల తర్వాత చూస్తే అవదు. గంట ఆగితే మళ్లీ మామూలే. నలుగురు చూశారు. తలా ఒక పార్టు మార్చి పంపించారు."

"పార్టులు మార్చుడు ఎవ్వనికైనా ఒస్తది సారూ. బీమారి ఏడున్నదో ముందు జూద్దాం" అన్నాడు బాలప్ప.

మొదటి రోజు పెట్రోలు లైనుకు గేజి కట్టాడు. ఇంజన్ ఆపిన తర్వాత కూడా లైనులో ఒత్తిడి నిలవాలి. ఈ బండిలో ఐదు నిమిషాల్లో సగానికి పడిపోయింది. అంటే పెట్రోలు ఎక్కడో కారుతోంది. ఇంజన్ లోపలికా, బయటికా అన్నది తేలాలి. రెండో రోజు నాలుగు ఇంజెక్టర్లూ విప్పి బల్ల మీద పరీక్షించాడు. రెండింటి మొనల్లోంచి చుక్క ఊరుతోంది. వాటిని శుభ్రం చేసి, రబ్బరు రింగులు మార్చి, మూడో రోజు సాయంత్రానికి మళ్లీ బిగించాడు. బండి వేడి మీద కూడా లేచింది. మహేంద్ర అక్కడికక్కడే వాళ్ల నాన్నకు ఫోన్ చేశాడు.

బాలప్ప మాత్రం గేజి ముందు నుంచి లేవలేదు. ముల్లు ఇంకా దిగుతూనే ఉంది, కాస్త నెమ్మదిగా.

"లోపటికి కారుడు బందైంది అన్నా. గానీ ఇంకేడనో పోతుంది" అన్నాడు నాతో.

అతని అనుమానం ఒక బిళ్ల మీద. పెట్రోలు లైను అదరకుండా అణచడానికి పెట్టిన ఆ బిళ్ల గాలి గొట్టాల అడుగున, ఇంజన్ సెగ తగిలే చోట, కంటికి అందకుండా ఉంటుంది. ముప్పై ఏళ్ల బండిలో దాని పొర చిరిగి ఉండవచ్చు. అద్దం పెట్టి, టార్చి వేసి చూశాడు. కాగితం దూర్చి తీస్తే పొడిగానే వచ్చింది. కానీ అంత వేడి ఇనుము మీద పడిన చుక్క తడిని మిగల్చదు. వాసనను మాత్రమే మిగులుస్తుంది. అందుకని మర్నాడు అరుణమ్మ వచ్చేదాకా బండిని కదలనివ్వలేదు.

మర్నాడు పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది. గాలి లేదు. గొంతులో గీరుకునే కంపెనీ వాసన వాడంతా పరుచుకుంది. మాకది కొత్త కాదు. కొత్తవాళ్లొచ్చి ఏం వాసనని అడిగితే "కంపెనీది" అంటాం. మోరీ పొంగినా అదే అంటాం, ఇంట్లో ఎలుక చచ్చినా అదే అంటాం. ఇన్నేళ్లలో మా ముక్కులన్నీ ఒక్క జవాబుకు అలవాటు పడిపోయాయి.

అరుణమ్మ వచ్చి వంగింది. ఎప్పటికంటే ఎక్కువసేపే వంగింది. షెడ్డు గుమ్మం దాకా వెళ్లి అక్కడా పీల్చి చూసి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఏందో గాటుగున్నది. గుమ్మం కాడ గూడ గదే ఉన్నది. కంపెనీదే" అంది.

నేనూ అక్కడే ఉన్నాను. ఒక్క క్షణం నా ముక్కుకు పెట్రోలే తగిలింది. తగిలిందని ఇప్పుడు ఒట్టేసి చెప్పగలను. అప్పుడు మాత్రం ఎవరూ అడగకుండానే "కంపెనీదే" అన్నాను.

"పక్కానా?" అన్నాడు బాలప్ప, ఆమె ముఖంలోకి చూసి.

"పక్కా."

బాలప్ప బానెట్ మూశాడు. రుద్రారం దాకా తోలుకుపోయి, అక్కడ పది నిమిషాలు ఆపి, వేడి మీద లేపి చూస్తే పని పూర్తయినట్టే. మహేంద్ర స్టీరింగ్ పట్టుకున్నాడు. బాలప్ప పక్కన కూర్చున్నాడు. పోతూ పోతూ, తిరిగొచ్చాక అన్నం తింటానని భార్యకు చెప్పాడు.

పావుగంట దాటి ఉంటుంది. అరుణమ్మ నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అన్నా, వాసన పోయింది" అంది.

లేత్ ఆపి బయటికి వచ్చాను. మబ్బు అట్లాగే ఉంది. గాలి కదల్లేదు. గొంతులో గీరు కూడా అట్లాగే ఉంది. ఆ ముక్కు పొడిచే ఘాటు మాత్రం లేదు. కంపెనీ వాసన కారెక్కి పోదు. ఫోన్ తీశాను.

"రుద్రారం కాడున్నం అన్నా. ఆపి ఎనిమిది నిమిషాలైంది" అన్నాడు బాలప్ప. గొంతు హుషారుగా ఉంది.

నేను చెప్పాల్సింది రెండు మాటలు. కారుతుంది, తాళం తిప్పనియ్యకు. అంతే. కానీ మూడేళ్లు దాచిన మనిషిని కదా, ముందు దానికి సంజాయిషీ చెప్పుకోవాలని బుద్ధి పుట్టింది.

"బాలప్పా, తప్పు వట్టకు. నీకు వాసన తెల్వదని నాకెరుకే" అన్నాను.

రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది.

"ఎవలు జెప్పిండ్రు? అరుణనా?"

"ఎవలు జెప్పలే. నేనే జూసిన."

"ఎప్పటి సంది?"

"మూడేండ్ల సంది. అది గాదు బాలప్పా, బండి..."

"మూడేండ్లు ఎరికుండి రోజు నాతోని చాయ్ తాగినవ్. ఇంకెవలకు జెప్పినవ్?" ఒంటి మీద బట్టలు ఊడదీసినట్టు సిగ్గుపడ్డాడని నాకు అర్థమైంది.

"ఎవ్వలకు జెప్పలే. నా మాట ఇను, బండి..."

వెనక సెల్ఫ్ మోటారు మూలిగింది. మహేంద్ర లెక్క ప్రకారం పది నిమిషాలూ అయిపోయాయి. ఇంజన్ ఒక్క దెబ్బకే అందుకుంది.

"లేసింది సూడు" అన్నాడు బాలప్ప. ఆ పూట నా మీద పుట్టిన కోపం కూడా మరిచిపోయి అన్నాడు. బానెట్ ఎత్తిన చప్పుడు వినబడింది. "కారుతుంది, ఆపు" అని నేను అరిచేసరికి ఫోన్ అతని చేతిలో లేదు.

బానెట్ కింద మంట గుప్పున లేచింది. మహేంద్ర ముంజేయి కాలింది, తర్వాత తగ్గిపోయింది. బాలప్పకు ముఖం, ఛాతీ, రెండు చేతులూ మోచేతులు దాటి కాలాయి. మూడో రోజు ఆసుపత్రిలో నన్ను లోపలికి పంపారు. కట్లలోంచి పెదవులు మాత్రం కనబడుతున్నాయి. నేను ఏడ్చాను. తప్పు నాదేనన్నాను. అతను అది విన్నట్టు లేదు. దగ్గరికి రమ్మని తల కదిలించాడు.

"అన్నా, ముక్కు ముచ్చట ఎవ్వలకు జెప్పకు" అన్నాడు. "తెలిస్తే మల్ల బండ్లు రావు."

చెప్పనని మాట ఇచ్చాను. ఆరో రోజు పొద్దున బాలప్ప పోయాడు.