నోట్లో నాలుక

మా అక్క దర్జీ. పుట్టుకతోనే మాట రాదు. అయినా ఆవిడ చేతులతో పోట్లాటకు దిగిందంటే, చొక్కా బిగుతైందని గొణగడానికి వచ్చినవాళ్ళు ఊపిరి బిగబట్టి మరీ గుండీలు పెట్టుకుని వెళ్ళిపోతారు.

నేనొక మాయలోకపు నవల రాశాను. అందులో మూగ యువరాణిని "పాపం, నోట్లో నాలుక లేని పిల్ల" అని వర్ణించాను. ఎవరేమన్నా కన్నీళ్ళు పెట్టుకోవడమే ఆవిడ పని. ఆఖర్న మాంత్రికుడు జాలిపడి గొంతు ఇస్తాడు. అది రాస్తూ నేనే ముక్కు చీదుకున్నాను.

అక్క మిషను ఆపి చదివింది. ఆ వర్ణన దగ్గర ఆగి, నాకేసి చూసి, బారెడు నాలుక బయటపెట్టింది. తర్వాత సుద్దముక్కతో ఆఖరి పేజీ అడ్డంగా కొట్టేసి, చేతులాడించింది: "అంత గొప్ప మాంత్రికుడైతే నా సైగలు నేర్చుకోమను!"

నాకు ఒళ్ళు మండింది. "కథ పాడైపోతుందక్కా! గొంతు రాకపోతే చదివేవాళ్ళు ఏడవరు. పైగా..."

అక్క ఐదు వేళ్ళూ నా ముక్కు కింద టక్కున మూసింది. మా ఇంట్లో దానర్థం అందరికీ తెలుసు: నోర్ముయ్.

నవల తిరగరాశాను. మాంత్రికుడు నేర్చుకున్న మొట్టమొదటి సైగ అదే.