ఆ ఒక్క రబ్బరు గింజ

మెర్డెకాకు, అంటే మలయా స్వాతంత్ర్యానికి, ముందు ఏడాది మా రబ్బరు తోటలో యూనియన్ అధ్యక్షుడి ఎన్నిక జరిగింది. అమ్మతో పాటు రోజూ చెట్లు గీసి పాలు తీసేదాన్ని కనుక నేనూ సభ్యురాలినే. అదే నా మొదటి ఓటు. ఓటు వస్తే ధైర్యం కూడా దానంతట అదే వస్తుందనుకున్నాను. వణుకు మాత్రం వచ్చింది.

కమ్యూనిస్టుల మీద తెల్లదొరతనం పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. మా కూలీల లైను ఇళ్ల చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర సోదా. అడవిలో దాక్కున్నవాళ్లకు అందిస్తామని, పనికి గుప్పెడు అన్నం కూడా పట్టుకెళ్లనిచ్చేవారు కాదు. అంతకుముందు అధ్యక్షుడిగా ఉన్నాయన్ని పోలీసులు లారీ ఎక్కించారు. వారం తిరక్కుండా ఆయన పెళ్లాంబిడ్డల్ని ఇల్లు ఖాళీ చేయించారు. ఇప్పుడు ఆ పదవికి అమ్మ సొంత తమ్ముడు, మా మావయ్య నిలబడ్డాడు. పోటీకి దిగింది మండోరు. మా పని మీద పెత్తనమంతా అతనిదే, తోట నడిపే దొరగారి మనిషి. మావయ్య ఓడితే మా తరఫున నోరెత్తేవాడే ఉండడు. ఆయనకు ఓటేశామని తెలిస్తే మాకు ఇల్లే ఉండదు.

చాలామందికి చదువు రాదు కాబట్టి గింజల ఓటు పెట్టారు. మనిషికొక రబ్బరు గింజ. తెర వెనక రెండు పాల బకెట్లు, ఎడమది మావయ్యది, కుడిది మండోరుది. ముందురోజు హాజరు షెడ్డులో తోట గుమాస్తా ఎలా వేయాలో చూపించాడు. గింజ ఖాళీ బకెట్లో పడి ఠంగుమంది. అందరి మొహాలూ మాడిపోయాయి. ఓట్లు పడుతున్నంతసేపూ ఆ గుమాస్తా తెర పక్కనే కూర్చోవాలని దొరగారి షరతు. ఏ పక్క మోగిందో తెలియకపోవడానికి అతనికేం చెవుడు లేదు కదా!

"ఇన్నావేటే పిల్లా? మండోరుకే ఏసీ," అన్నాడు నాన్న ఇంటికొచ్చాక. "ఇల్లు పోతే ఏటి సేత్తాం? కంచె అవతల మనకెవులున్నారు?"

"ఊరుకో మావా," అంది అమ్మ. "మన లైనోలందరం కర్పూరం ఎలిగించి ఒట్టేసినాం. నువ్వూ ఏసినావు. నా తమ్ముడికే ఏత్తామని."

మర్నాడు, పొద్దుటి పాలు తెచ్చిన ఆ బకెట్లు కడిగే పని అమ్మకు పడింది. అడుగున పాలు తెల్లగా గడ్డకట్టి అలాగే ఉన్నాయని గుమాస్తా నలుగురిలో చీవాట్లు పెట్టి, మళ్లీ కడిగే వ్యవధి లేక అలాగే తెర వెనక పెట్టించాడు. మాటకు మాట అప్పజెప్పే మా అమ్మ తలొంచుకుని నిలబడింది. ఈవిడకేం పోయేకాలం వచ్చిందని నాకు చిరాకేసింది.

వరస షెడ్డు బయట ఎండలో. నా వెనక నాన్న. నా వంతు వచ్చి లోపలికి వెళితే, గుమాస్తా నా వైపు చూడనైనా లేదు. పెన్ను మూత తీసి పట్టుకున్నాడు, అంతే. తెర వెనక ఎడమ బకెట్ మీదికి చెయ్యి చాచాను. ఇది మోగుతుంది. ఆ పెన్ను కదులుతుంది. మా గిన్నెలూ చాపలూ కంచె బయట పడతాయి. చెయ్యి కుడివైపుకి జరిగింది. గింజ వదిలేశాను.

చప్పుడు లేదు. మెత్తటి పాలగడ్డ మీద పడి ఊరుకుంది.

అమ్మ ఆ చీవాట్లు ఎందుకు మింగిందో అప్పుడు అర్థమైంది. ముందే నాతో చెప్పి ఉంటే! కానీ నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదికీ తెలుసు. వంగి గింజ తీద్దామనుకునేలోగా గుమాస్తా "ఊఁ, తరవాత!" అని కేకేశాడు. బయటికి వస్తుంటే నాన్న నా మొహం చూశాడు.

సాయంత్రం లెక్క తేలింది. మూడు గింజల తేడాతో మావయ్య గెలిచాడు. షెడ్డంతా ఒకటే గోల. నాకూ ప్రాణం లేచొచ్చింది. కానీ అమ్మ ఊరుకునే మనిషా? మండోరు వైపు చుట్టాలు ఇరవై ఒక్కరు, అతని బకెట్లో గింజలు ఇరవై రెండు.

"ఆ ఎక్కువ గింజ ఎవులిది?" అంది ఇంటికొచ్చాక, మావయ్య ఎదుటే. "ఒట్టు తప్పినోలు ఎవులు?"

చెప్పేద్దామని నోరు తెరవబోయాను.

"నాదే," అన్నాడు నాన్న. "బయమేసి ఏసినాను."

ఆ రోజు నుంచి అమ్మ చాలా నెలలు కంచం ఆయన ముందు పెట్టి, పక్కకు తిరిగి వెళ్లిపోయేది. ఒకరోజు నాన్న చెట్ల దగ్గర ఒంటరిగా దొరికితే, "అమ్మకి సెప్పేత్తాను నాన్నా," అన్నాను.

"ఏయమన్నది నేనే గదేటి," అన్నాడు. "గింజ ఎవులిదైతే ఏటి?"

మెర్డెకా వచ్చింది. ఆ తర్వాత దేశమంతటికీ ఎన్నికలు వచ్చినప్పుడు ముగ్గురం ఒకే వరసలో నిలబడ్డాం. అమ్మ వెనక్కి తిరిగి, పదిమందీ వినేలా, "మావా, ఈ పాలికైనా దైర్నంగా ఏసిరా," అంది. జనం నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఇద్దరి మధ్యా నేను నేల చూస్తూ నిలబడ్డాను. నోట్లో నువ్వుగింజ నానని దాన్ని, ఆ రబ్బరు గింజ సంగతి మాత్రం అమ్మ పోయేదాకా బయటపెట్టలేదు.