ఏరిన పది ఇరుసులు

సూర్యాపేట శివారులో ట్రాక్టర్ ట్రాలీలకు ఇరుసులు తయారుచేసే చిన్న కార్ఖానాలో నాది తనిఖీ పని. ఇరుసు మీద బేరింగ్ కూర్చునే చోట మందం సరిగ్గా ఉందో లేదో మైక్రోమీటరుతో చూస్తాను. అక్కడ వెంట్రుకవాసి తగ్గినా బేరింగ్ వదులవుతుంది. నడుస్తున్న ట్రాలీకి చక్రం ఊడిపోవచ్చు.

మిర్యాలగూడలో ట్రాలీలు కట్టేవాళ్లు ఒకసారి మా కొలతలను నమ్మవచ్చని రుజువు అడిగారు. పది ఇరుసులు ఏరి, ముగ్గురి చేత తలా మూడుసార్లు కొలిపించాలి. ఎవరు కొలిచినా ఒక ఇరుసుకు ఒకే అంకె రావాలి. ఇరుసుకూ ఇరుసుకూ ఉన్న తేడా మాత్రం తెలియాలి. నేను ఆ పొద్దున ఒకే మిషన్ మీద వరసగా దిగిన పది తీసుకున్నాను. అవన్నీ దాదాపు ఒకేలా ఉండడంతో కొలిచేవాళ్ల తేడాలే పెద్దగా కనిపించాయి. పరీక్ష తప్పింది.

మా మేనేజర్ కోదాడ మనిషి, గొంతు పెంచడు. కాగితం చూసి, "తుక్కులోంచి బాగా సన్నవి ఓ రెండు తెచ్చి కలుపమ్మా. వాటి తేడా ముందు మన తేడా చిన్నగా కనిపిస్తుంది. రేపు పంపేయాలి," అన్నాడు.

అది మోసమని తెలిసీ కలిపాను. అంకెలు అందంగా వచ్చాయి. కాగితం వెళ్లింది, దాని వెనకే ఇరుసులూ వెళ్లాయి.

మర్నాడు మా ఊరు మోతె నుంచి బస్సులో పనికి వస్తుంటే ముందు ఒక ట్రాలీ పోతోంది, నిండా పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు. దాని చక్రం ఊగుతున్నట్టు అనిపించింది. నిజంగా ఊగిందో, నా చూపే ఊగిందో చెప్పలేను. మా అమ్మ కూలికి పోయేది అట్లాంటి ట్రాలీ మీదే.

"కొన్ని రోజులు పోకమ్మా," అన్నాను ఇంటికెళ్లాక.

"పోకుంటే ఎట్లనే? ఏమైంది నీకు?"

సంచి తీసుకుని లోపలికి పోయాను. ఆ వారమంతా ఫోన్ మోగితే చాలు, ఎక్కడో ట్రాలీ బోల్తాపడిందనే కబురేమోనని ముందు నంబరు చూసేదాన్ని.

లేత్ మిషన్ మీద పనిచేసే పెద్దాయన ఒక మధ్యాహ్నం నా ఎదుట కూర్చున్నాడు. "బిడ్డా, అన్నం డబ్బా తెరుస్తలేవు. ఏంది సంగతి?"

"తుక్కుల రెండు కలిపిన కాకా."

"ఎరుకే. ఆ రెండు నేను పారేసినయే. సూసి గూడ నోరు మూసుకున్న, నాకూ భయమే." నా డబ్బా మూత తీసి, "మళ్ల ఏరుదాం. ఈసారి సక్కగ," అన్నాడు.

నాలుగు రోజులు పట్టింది. రెండు మిషన్ల నుంచీ, ఇనుము కోసే పనిముట్టు కొత్తది పెట్టినప్పుడూ అది అరిగినప్పుడూ, ఏ షిఫ్టులో ఏది వస్తే అది తీశాం. ఏది ఏదో కొలిచేవాళ్లకు తెలియకుండా గుర్తు అంకెలు ఇరుసుల అడుగున రాశాను. ఒకే ఇరుసు ఒకరి చేతిలో సరిపోయింది, మరొకరి చేతిలో సన్నదైంది. మైక్రోమీటరు తెచ్చి వెలుతురులో చూస్తే, దాని మొన ఒకవైపు అరిగి ఉంది. పంపినవన్నీ దాంతోనే కొలిచినవి.

మేనేజర్ గదిలోకి వెళ్లాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. "సార్, మనం పంపినవాటిల సన్నవి పోయినయేమో."

ఆయన మొదట పంపిన కాగితం, కొత్త కొలతల కాగితం పక్కపక్కన పెట్టుకుని చూశాడు. "కలపమన్నది నేనే కదమ్మా," అని ఫోన్ తీసి మిర్యాలగూడకు చేశాడు. "ఇరుసులు బిగించకండి. మేం వస్తున్నాం."

కొత్త మైక్రోమీటరుతో అక్కడ మిగిలినవన్నీ కొలిచాం. రెండు సన్నవి దొరికాయి. ఒక జత మాత్రం అప్పటికే చివ్వెంల దగ్గరి ఒక రైతు ట్రాలీకి ఎక్కింది. మేం చేరేసరికి ఆ ట్రాలీ చేను గట్టున ఆగి ఉంది. కూలీల అన్నం డబ్బాలు అందులోనే ఉన్నాయి. జాకీ పెట్టి చక్రం విప్పాం. ఎడమవైపు, బిగుతుగా కూర్చోవాల్సిన బేరింగ్ ఇరుసు మీద నా వేళ్లకే గిర్రున తిరిగింది.

పనిలోంచి వచ్చిన ఒక పెద్దామె అడిగింది, "ఏమైంది సారూ, మా బండికి?"

"ఏం లేదమ్మా, ఊరికే చూస్తున్నాం," అన్నాడు మేనేజర్.

ఆమె నా వైపు తిరిగింది. నేను తల దించుకుని కొత్త ఇరుసు తుడుస్తూ ఉండిపోయాను.