మా బావ పాలినీషియా ప్రయాణం

చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చేదాకా మా బావకు పెద్ద కోరికలేవీ ఉండేవి కావు. చీపురుపల్లి దగ్గర ఒక హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యాక, పిల్లల మీద అరిచే అవకాశం పోయి, ఆ గొంతంతా వాట్సాప్‌లో ఖర్చు పెట్టేవాడు. ఒక ఆదివారం చర్చి అవగానే అక్కను వెంటబెట్టుకుని విజయనగరంలో మా ఇంటికి వచ్చాడు. కూర్చోకుండానే ఫోను నా ముక్కు కింద పెట్టాడు. నీలం నీళ్లు, ఆ నీళ్లలో గుంజల మీద నిలబెట్టిన ఆకుల ఇళ్లు.

"ఏటిది బావా?" అన్నాను.

"పాలినీషియా. పసిఫిక్ మహాసముద్రం మధ్యన దీవులు. మనం నలుగురం ఎల్తన్నాం."

నలుగురంటే తను, మా అక్క, నేను, నా భార్య. మిగతా ముగ్గురికీ ఆ కబురు అప్పుడే తెలిసింది.

ఈ పిచ్చికి మూలం వాళ్ల చర్చి సంఘంలోనే ఉంది. అంతకు ముందు ఏడు సంఘపెద్ద ఒకాయన యెరూషలేం వెళ్లి, సీసాలో యొర్దాను నది నీళ్లు తెచ్చాడు. అప్పట్నుంచి చర్చిలో ముందు బెంచీ ఆయనది, పెళ్లిళ్లలో మొదటి ప్రార్థన ఆయనది. బావ ప్రార్థన బాగా చేస్తాడు గానీ, చీపురుపల్లి దాటని ప్రార్థనకు విలువేముంది? దూరం లెక్కన పసిఫిక్ ముందు యెరూషలేం పక్క వీధి.

ప్రణాళిక మా వరండాలోనే సాగింది. బావ పాత స్కూలు నుంచి గ్లోబు అరువు తెచ్చి, తాహితి, సమోవా, కుక్ దీవులు వేలితో కలుపుకుంటూ పోయేవాడు, గరివిడి మీదుగా నెల్లిమర్ల బస్సు వెళ్తున్నట్టు. "పొద్దున్న ఇక్కడ టిఫిను, మజ్జాన్నం ఇక్కడ బోయినం."

"అన్నయ్యగారూ, ఒక దీవి నించి ఇంకో దీవికి విమానంలోనే గంటలకి గంటలు పడతాదంట," అంది నా భార్య. ఆమె ఇంటర్నెట్టులో చదివిన మనిషి.

"మనకి తొందరేటమ్మా?" అన్నాడు బావ.

అక్క అప్పటిదాకా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. "అక్కడోల్లు ఏటి తింటారండీ?" అని అడిగింది.

"సేపలు, కొబ్బరి, అరటికాయ, సేమదుంపలు."

"మనింట్లో తింటన్నవే కదేటి!"

"తినడానికి ఎల్తన్నామేటే? సూడ్డానికి!" అని కసిరాడు.

మరుసటి వారం బావ చేసిన తెలివైన పనేమిటంటే, పాస్టరుగారి చెవిన వేశాడు. పాస్టరుగారు ఆరాధనలో సముద్ర ప్రయాణికుల కోసం కన్నీళ్లతో ప్రార్థన చేశారు. సంఘపెద్ద ముందు బెంచీలోంచి మెడ తిప్పి చూశాడట. ఆ చూపుతో బావకు పాస్‌పోర్టు రాకముందే ప్రయాణం సగం ఫలించింది. మిగతా సగాన్ని పోలీసు విచారణకు వచ్చిన కానిస్టేబుల్ చెడగొట్టాడు. పాలినీషియా అని ఎన్నిసార్లు చెప్పినా మలేసియా అనే విన్నాడు, వీధంతటికీ అదే చెప్పి వెళ్లాడు. "మాస్టారూ, మలేసియా ఎప్పుడు?" అని అడిగినవాడికల్లా బావ భూగోళం పాఠం చెప్పేవాడు. విన్నవాళ్లు తలూపి, "అదే, మలేసియాకి అవతల," అనేవాళ్లు.

నాకు కాలేజీలో సెలవు దొరకలేదు. సంతోషం పైకి కనపడకుండా బాధపడ్డాను. ముగ్గురికి టికెట్లు తీసుకున్నారు. అక్క అప్పుడొక మాట అంది. "దీవుల్లో పడవెక్కాలంట. ఈయన ఎప్పుడూ పడవెక్కనేదు. ముందు ఇక్కడెక్కి సూపించమను."

భోగాపురం దగ్గర తీరానికి వెళ్లాం. నాకు తెలిసిన జాలరి ఒకాయన మమ్మల్ని తన పడవలో ఎక్కించుకున్నాడు. ఒడ్డున కెరటాలు విరిగే చోటు దాటేలోపే బావ ముఖం పాలిపోయింది. దాటాక పొద్దున తిన్న ఇడ్లీలు బంగాళాఖాతానికి సమర్పించాడు. తర్వాత పడవ అంచు కావలించుకుని, తనకు తెలిసిన కీర్తనలన్నీ వరసగా అందుకున్నాడు.

అక్క ముందుభాగంలో కూర్చుని, కొంగు నడుముకు బిగించి, కెరటం లేచినప్పుడల్లా నవ్వుతోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అలా నవ్వగా నేను చూడలేదు. "ఇంకాస్త లోపలికి పోనీ బాబూ," అంది జాలరితో.

"ఒసే, ఒడ్డుకి తిప్పమనవే!" అని బావ ఏడ్చినంత పని చేశాడు.

ఆ సాయంత్రం నుంచి బావకు మోకాలి నొప్పి మొదలైంది. "టికెట్లు రద్దు సేసీద్దాం," అన్నాడు.

"మీది రద్దు సేసుకోండి," అంది అక్క. "నేనూ మరదలూ ఎల్తాం."

వెళ్లారు. బావ నిజానికి చీపురుపల్లిలోనే ఉండొచ్చు. కానీ సంఘానికి ముఖమెలా చూపిస్తాడు? పెట్టెతో సహా మా ఇంటికి వచ్చి, వీధి కిటికీలు మూయించి దాక్కున్నాడు. ఇద్దరం హోటలు పొట్లాలు తిన్నాం. మనుషులు లేని ఫొటోలు మాత్రమే పంపమని అక్కను పోరి, వాటిని సంఘం గ్రూపులో పెట్టేవాడు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. బనియను, లుంగీతో గోడకు చేరగిలబడి, ఎడమ చేత్తో పేపరు విసురుకుంటూ కుడి చేత్తో టైపు చేస్తున్నాడు. తొంగి చూశాను. 'చల్లని పసిఫిక్ గాలిలో ప్రభువును స్తుతించుచున్నాము' అని ఉంది. కింద సంఘపెద్ద నుంచి రెండు చేతుల నమస్కారం.

వాళ్లు తిరిగొచ్చిన ఆదివారం ప్రయాణంలో దేవుడు చేసిన మేళ్ల గురించి పాస్టరుగారు బావను సాక్ష్యం చెప్పమన్నారు. నేనూ, నా భార్యా కూడా వెళ్లాం. బావ కొత్త చొక్కాతో లేచి, గొంతు సవరించుకుని, "ఆ మహాసముద్రం ఎంత నిమ్మళంగా ఉన్నాదంటే..." అని ఎత్తుకున్నాడు.

ఆడవాళ్ల వైపు నుంచి అక్క లేచి నిలబడింది. "ఈయన రానేదయ్యగారూ. సాక్ష్యంలో అబద్ధం సెప్పకూడదు కదేటి. నేను సెప్తాను."

చర్చిలో నవ్వు మొదలై పైకప్పుకు తగిలింది. సంఘపెద్ద అయితే కళ్లు తుడుచుకున్నాడు. అక్క ఎవరి వైపూ చూడలేదు. ఆ దీవుల్లో ఆదివారం వస్తే దుకాణాలన్నీ మూసేస్తారనీ, ఆడవాళ్లు అల్లిన టోపీలు పెట్టుకుని చర్చికి వస్తారనీ, వాళ్లు పాడితే గుండెలో డప్పు కొట్టినట్టుంటుందనీ చెప్పింది. తెలుగు పాట ఒకటి పాడమంటే తానూ మరదలూ పాడారట. "వాళ్లకి ఒక్క ముక్క తెలీదు. అయినా ఏడిసారు," అంది. అప్పటికి ఎవరూ నవ్వడం లేదు.

తర్వాతి ఆదివారం బావ మోకాలు మళ్లీ నొప్పి చేసింది. ఆ పైవారం వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడట. ఆరాధన అయ్యాక అక్క చుట్టూ ఆడవాళ్లు మూగారు. ఈసారి ఎక్కడికి, ఎవరెవరు అని గలగలమంటున్నారు. వాళ్లలో ఒకామె బావ దగ్గరికి వచ్చి, "మాస్టారూ, వచ్చే ఏడు మమ్మల్నీ తీసుకెల్తారా?" అని అడిగింది.

"మా ఆవిడనడగండమ్మా," అని చెప్పులు వెతుక్కోవడానికి బయటికి వెళ్లాడు బావ.