తొట్టిలో నాచు, గోడ మీద కెమెరా

మా ఆయన మస్కట్‌లో ఒక పెద్ద హోటల్లో చేపల తొట్లు చూసే పని చేస్తారు. మామూలు తొట్లు కావవి. ఉప్పునీళ్ళు, లోపల సముద్రపు రాళ్ళు, ఆ రాళ్ళ మీద పూలలా విచ్చుకునే పగడాలు. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు అలాంటిదే ఒకటి మామిడికుదురులో మా ఇంటి ముందుగదిలో పెట్టించారు. రాళ్ళూ పగడాలూ చెన్నై నుంచి తెప్పించారు. నారింజ రంగు మీద తెల్లచారలున్న చేపల జంట, ఒక పసుపుపచ్చ చేప తెచ్చారు. ఇరుగుపొరుగు వచ్చి చూసి, "మన చేపల్లా లేవండీ, బొమ్మల్లా ఉన్నాయి" అని ముచ్చటపడేవారు.

తిరిగి వెళ్ళే ముందు ఆయన అంతా నాకు నేర్పారు. మేత చిటికెడు మించకూడదు. రోజూ ఎంత నీరు ఆవిరైతే అంత వంటింటి ఫిల్టరు నీళ్ళు పోయాలి. వారం వారం కొంత నీరు తోడేసి కొత్త సముద్రపు నీరు నింపాలి. ఆ నీరు తెచ్చే పని అత్తగారి తమ్ముడు ఒప్పుకున్నారు. ఆయనకి అంతర్వేది వైపు రొయ్యల చెరువులున్నాయి. ఎటూ ఇటు వస్తూపోతూ ఉంటారు కాబట్టి, సముద్రం నీళ్ళు క్యాన్లలో పట్టి తెచ్చి పెట్టేవారు. ఇంట్లో ఉండేది నేనూ అత్తగారే. మా పాప కాకినాడ హాస్టల్లో ఉంటుంది.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. తరవాత రాళ్ళ మీద పచ్చటి నూగులాంటిది కనిపించింది. చూస్తూండగానే అది వెంట్రుకల్లా పొడుగై, నీటి వాలుకి ఊగడం మొదలుపెట్టింది. పీకితే చేతికి జిగటగా వచ్చేది, మర్నాటికి మళ్ళీ మొలిచేది. పగడాలు దాని కింద ముడుచుకుపోయాయి. ఫోన్లో చూపిస్తే మా ఆయన మొదట అడిగిన మాట:

"మేత ఎక్కువేస్తున్నావా?"

"లేదండీ. మీరు చెప్పినంతే."

"అయితే అమ్మ వేస్తోందేమో, కాస్త కనిపెట్టు."

అలా మొదలైంది. అప్పటిదాకా అత్తగారు ముందుగదిలో కూర్చుంటే నాకేమీ అనిపించేది కాదు. ఆ మాట విన్నాక ఆవిడ తొట్టి దగ్గర కాసేపు నిలబడ్డా నా కళ్ళు ఆవిడ చేతుల మీదికే పోయేవి. పెరట్లో బట్టలు ఆరేస్తూ కిటికీలోంచి తొంగి చూసేదాన్ని. ఆవిడకి ఆకలి అనే మాట వింటే మనసాగదు. వీధికుక్కకి కూడా వేడన్నం చల్లార్చి పెడుతుంది. చేపలు అద్దానికి మూతులు ఆనిస్తే ఊరుకుంటుందా? ఒకసారి అడిగేశాను.

"అత్తయ్యగారూ, మీరేమైనా చేపలకి వేస్తున్నారాండీ?"

"ఆయ్, నాకెందుకమ్మా ఆ చేపల గోల!" అంది. అనేసి, నా వంక ఒక్క క్షణం ఎక్కువ చూసింది. ఆ చూపుకి అర్థమేమిటో తెలియక మరింత అనుమానం పుట్టింది. మేత డబ్బా తీసుకెళ్ళి బీరువాలో చీరల మధ్య దాచాను. బీరువాకి తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకున్నాను. ఆవిడ అది చూసింది.

డబ్బా దాచినా నాచు తగ్గలేదు. మా ఆయన ఇచ్చి వెళ్ళిన పరీక్ష సామాను ఉంది. గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పోసి మందు చుక్కలు వేస్తే, నీళ్ళలో నాచుకి ఎరువయ్యే ఫాస్ఫేటు ఉన్నట్టయితే నీలం తేలుతుంది. ఎప్పుడు చూసినా రంగు తేలేది కాదు. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, నాచు మాత్రం దట్టంగా పెరుగుతోంది. అంటే ఈ పరీక్షకి అందనిదేదో ఎవరో కలుపుతున్నారనే ఇద్దరికీ తోచింది. ఈసారి మా ఆయన అనుమానం క్యాన్ల మీదికి పోయింది.

"మావయ్య ఆ క్యాన్లలో ఇంతకు ముందేం పోసేవాడో అడుగు. రొయ్యల చెరువులో పోసే మందులవి కాదు కదా?"

అడగడం నాకు ఇష్టం లేదు. కానీ ఆయన రోజూ అడుగుతుంటే, ఆ వారం క్యాన్లు దించుతున్న పెద్దాయన్ని నెమ్మదిగానే అడిగాను.

"ఇవి ఇంతకు ముందు దేనికి వాడేవారండీ?"

ఆయన నడుం నిటారు చేసి నిలబడ్డారు. "మంచినీళ్ళకమ్మా. ఏం, విషం తెస్తున్నాననుకున్నావా?"

"అబ్బే, అది కాదండీ. ఈ నాచు..."

"ఒడ్డున నీళ్ళు మురికని, పడవేసుకుని లోపలికెళ్ళి పట్టుకొస్తున్నానమ్మా. మేనల్లుడు అడిగేడు కదాని." క్యాన్లు అక్కడే వదిలేసి, అక్కగారిచ్చిన మజ్జిగ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. తరవాత నీళ్ళు రాలేదు, ఆయనా రాలేదు. మా ఆయన సముద్రపు నీళ్ళు తయారుచేసుకునే ఉప్పు పొడి తెప్పించుకోమన్నారు. అది ఫిల్టరు నీళ్ళలో కలిపి పోశాను. నాచు ఇంకా చిక్కబడింది. పసుపుపచ్చ చేప ఒక మూల చేరి కదలడం మానేసింది.

అప్పుడు మా ఆయన పంపిన కెమెరా కొరియర్లో వచ్చింది. గుడ్డు కంటే కాస్త పెద్దది, తెల్లగా ఉంది. తొట్టి ఎదురుగా గోడకి పెట్టించమని, ఇక తొట్టి సంగతి తనే మస్కట్ నుంచి చూసుకుంటానని చెప్పారు. ఎలక్ట్రీషియన్ వచ్చి బిగించి వెళ్ళాడు. అత్తగారు దాని వంక చూసి, "ఇదేంటమ్మా, మన మీదా?" అంది. "నాచు మీదండీ" అన్నాను. ఆవిడ ఆ రోజు నుంచి ముందుగదిలో కూర్చోవడం మానేసి, వంటింటి గడప దగ్గర పీట వేసుకుంది. నేనూ అక్కడ గట్టిగా నవ్వడం, తల ఆరబెట్టుకోవడం మానేశాను. ఎవరూ మానమనలేదు. దాని ముందు నుంచి వెళ్ళేటప్పుడు పైట సర్దుకునేదాన్ని. సొంత మొగుడే కదా చూసేది అని సర్దిచెప్పుకునేదాన్ని, అయినా సర్దుకునేదాన్ని.

ఒక సాయంత్రం ఫోన్ చేశారు. నాచు ఎలా ఉందని అడుగుతారనుకున్నాను.

"మధ్యాహ్నం ఎవరొచ్చేరు?"

"ఎవరూ రాలేదండీ."

"ఒకతను సంచీతో వచ్చేడు. నువ్వు నవ్వుతూ మాట్లాడేవు."

నాకు కాసేపు గుర్తు రాలేదు. గుర్తొచ్చాక ఒళ్ళు మండిపోయింది. "ఫిల్టరు బాగుచేసే అతనండీ. ఏటా వస్తాడు కదా. వాళ్ళ అమ్మాయికి కవలలు పుట్టేరట, ఆ మాట చెప్తే నవ్వేను. నాచు చూడ్డానికి పెట్టిన కెమెరాలో మనుషులెందుకు కనపడుతున్నారు?"

జవాబు కోసం ఆగకుండా ఫోన్ నేనే పెట్టేశాను.

వంటింటి గడపలో అత్తగారు అంతా విన్నది. నా ముఖం చూసి, పీట కాస్త జరిపి కూర్చోమంది. "అమ్మాయ్, నీకో మాట చెప్పాలి. నిన్ను కనిపెట్టమన్నాడమ్మా వాడు" అంది.

"నన్నా?"

"నువ్వు మేత గుప్పిళ్ళు గుప్పిళ్ళు వేస్తున్నావేమో, చూసి చెప్పమన్నాడు. అందుకే కదా తొట్టి దగ్గర తచ్చాడేను. నువ్వు డబ్బా తీసుకెళ్ళి తాళం వేస్తే, ఇదేదో దాస్తోందనుకున్నాను."

"మిమ్మల్ని కనిపెట్టమని నాకు చెప్పేరండీ."

ఆవిడ చేత్తో నుదురు కొట్టుకుంది. "ఆరి వీడి దుంపతెగ!" అంది. నవ్వొచ్చింది కానీ, లోపల ఎక్కడో గుచ్చుకుంది కూడా. అన్నాళ్ళూ ఒకే చేపల తొట్టికి రెండు పక్కలా నిలబడి ఒకళ్ళనొకళ్ళం కాపలా కాసుకున్నాం.

మర్నాడు పొద్దున్న ఆ ఫిల్టరు మనిషి మాటే మనసులో తిరుగుతోంది. అతను నవ్వించాడు సరే, ఏం మార్చాడు? పక్క డబ్బాలో తెల్ల క్యాండిల్ ఒక్కటే మార్చినట్టు గుర్తు; నీళ్ళలో కరిగినవాటిని ఆపే లోపలి పొర, అదే మెంబ్రేన్, ముట్టుకున్నట్టు లేదు. ఫోన్ చేసి అడిగాను.

"లోపలి మెంబ్రేన్ మార్చేరాండీ?"

"లేదండి. పోయినేడు కూడా మార్చలేదండి. ఇంకో ఏడాది లాగుద్దిలెండని ఊరుకున్నానండి. తాగడానికేం ఇబ్బంది ఉండదండి."

పరీక్ష సామాను తెచ్చాను. ఎప్పుడూ తొట్టి నీళ్ళకే చేశాను తప్ప, తొట్టిలో పోసే నీళ్ళకి చేయాలని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు. వంటింటి కుళాయి కింద గొట్టం పట్టి చుక్కలు వేశాను. అత్తగారు పక్కన నిలబడి చూస్తోంది. నీళ్ళు నెమ్మదిగా నీలమయ్యాయి. చూస్తుంటే సిరా పోసినట్టు చిక్కబడ్డాయి.

మా బోరు నీళ్ళలో ఉన్నదంతా ఆ పాడైన మెంబ్రేన్ దాటి వస్తోందన్నమాట. చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు, వాటికి వేసే ఎరువులు. ఎండాకాలం రోజూ చెంబులు చెంబులుగా ఆ నీళ్ళే పోశాను. ఉప్పు పొడి కలిపిందీ ఆ నీళ్ళలోనే. తొట్టి నీళ్ళలో రంగు తేలకపోవడానికి కారణం, వచ్చిన ఫాస్ఫేటు వచ్చినట్టు నాచే తాగేస్తూ ఉండడం.

మెంబ్రేన్ మార్పించాం. రాళ్ళు ఒక్కొక్కటీ ఉప్పునీళ్ళ బకెట్లోకి తీసి, పాత పళ్ళబ్రష్షుతో నేను రుద్దుతుంటే, అత్తగారు ఊడిన నాచు జల్లెడతో పట్టేది. లైటు వేసే వేళ తగ్గించాను. నాచు మేసే నత్తల్ని తెప్పించాను. రాత్రికి రాత్రే పోలేదు. పీకినచోట మళ్ళీ వచ్చేది, కానీ ప్రతిసారీ కాస్త పలచగా, కాస్త పాలిపోయి వచ్చేది. పగడాల్లో రెండు చచ్చిపోయాయి. పసుపుపచ్చ చేప దక్కలేదు. మిగతా పగడాలు నెమ్మదిగా విచ్చుకున్నాయి.

మావయ్యగారి దగ్గరికి మేమిద్దరం ఆటోలో వెళ్ళాం. నేను జరిగింది చెప్పాను. ఆయన విని, "అయితే నా క్యాన్లకి పరీక్షలేమీ చెయ్యలేదా అమ్మా?" అన్నారు గంభీరంగా. లేదన్నాను. "చెయ్యి మరి" అని ఒక క్యాను మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. సముద్రం వాసన తప్ప ఏమీ లేదు. అత్తగారు వెంట తెచ్చిన మజ్జిగ తాగారు.

కెమెరా కూడా ఆయనకే ఇచ్చేశాం. చెరువు గట్టు మీద షెడ్డులో పెట్టుకున్నారు. రొయ్యలకైతే నిజంగానే దొంగలున్నారు. ఆ సంగతి మా ఆయనకి అత్తగారే చెప్పింది. ఆయన ఇంటి భద్రతనీ, కాలం బాగోలేదనీ ఏదో అన్నారు. నాకు క్షమాపణ చెప్పలేదు. తొట్టి బాగైందని సంతోషించి, కొత్త పగడాలు పంపిస్తానన్నారు. పంపించారు కూడా. పంపినవి చూసి నేను మెత్తబడ్డాను, అయితే పూర్తిగా కాదు. ఎవరొచ్చారని మామూలుగా అడిగినా ఇప్పటికీ సమాధానం చెప్పే ముందు ఒక క్షణం ఆగుతాను.

ఈమధ్య ఒక రోజు మా ఆయన నాకు కాకుండా ముందు వాళ్ళ అమ్మకి ఫోన్ చేశారు. ముందు ఆవిడకి చేశారంటే నాకు కాస్త గుబులే. నేను వంటింట్లో కూర తరుగుతున్నాను. అటు నుంచి ఆయనేమడిగారో తెలియదు. అత్తగారు ఫోన్ తెచ్చి గట్టు మీద పెట్టి, స్పీకరు నొక్కింది.

"ఇద్దరం ఉన్నాంరా. ఇప్పుడడుగు" అంది.