పిన్ని చూసిన ధ్రువుడు

పెళ్ళిలో పంతులుగారు ధ్రువుణ్ణి చూపించమంటే బాబాయి పందిరి కప్పు కేసి వేలెత్తాడు. పిన్ని "కనపడ్డాడండి" అనేసింది. పెళ్ళై నలభై ఏళ్ళు దాటినా ఆవిడ ధ్రువుణ్ణి చూడనేలేదు. కళ్ళ ఆపరేషన్ అయ్యాక నాకు ఫోన్ చేసింది: "నీ దగ్గర నక్షత్రాల సరంజామా ఉందటగా, ఈసారైనా నిజంగా చూపించవే అమ్మాయ్!"

మార్గశిరంలో ఒక శనివారం మధ్యాహ్నం రాజమండ్రిలో భీమవరం పాసింజరెక్కాను. ఒళ్ళో మౌంటు, అంటే ఫోటో తీసేటప్పుడు కెమెరాని నక్షత్రాలతోపాటు తిప్పే యంత్రం. దాని ఇరుసు ధ్రువుడి వైపు గురి కుదరకపోతే చుక్కలు గీతలుగా పడతాయి. ఆ గురి కోసం ఇరుసులోనే చిన్న దుర్భిణి ఉంటుంది.

"కుట్టుమిషనాండీ?" అన్నారు ఎదురు సీటాయన.

"చుక్కల మిషనండి" అన్నాను. నిడదవోలులో ఆయనే టీ ఇప్పించారు.

భీమవరంలో ఆటో ఎక్కి ఊరు చేరేసరికి పొద్దు వాలింది. బాబాయి డాబా కడిగించి చాప పరిచాడు. "ధ్రువుడిది అందరికన్నా పైస్థానం కదా, డాబా మీదైతేనే అందుతాడు!" అన్నాడు. నాకు నవ్వాగలేదు. మన వైపు ధ్రువుడు ఉత్తరాన, చెయ్యి చాపి కొలిస్తే జానెడెత్తు కూడా ఉండడు. డాబాకి ఉత్తరమంతా కొబ్బరిచెట్లే. విషయం చెప్పగానే పిన్ని ముఖం చిన్నబోయింది.

వాళ్ళ రొయ్యల చెరువు గట్టు మీదికి నడిచాం. అక్కడ ఉత్తరాన అంతా నీళ్ళే. బాబాయి లైట్లు ఆర్పేయించాడు. మౌంటు అంత కిందికి వంగనంటే దక్షిణం వైపు కాలు కింద ఇటుక పెట్టాను. పిన్ని పీట మీద కూర్చుని దుర్భిణికి కన్ను ఆనించింది. రెండో కన్ను చేత్తో మూసుకుని వెతికింది.

"ఇంత చిన్నవాడా!" అంది చివరికి. "నడిమధ్యన లేడేంటే?"

"ఆయనా కాస్త తిరుగుతాడు పిన్నీ. బొత్తిగా కదలకుండా ఉండడు."

పిన్ని పకపకా నవ్వింది. "ఏవండీ, విన్నారా? మీరే నయం, కుర్చీలోంచి కదలరు."

"లే, నన్నూ చూడనీ. నేను మాత్రం ఎప్పుడు చూశానూ?" అన్నాడు బాబాయి.

తర్వాత మౌంటు మీద కెమెరా పెడితే, లెన్సుకి మంచు పట్టి ఫోటో ఒక్కటీ రాలేదు. ఈ కాలంలో వెళ్ళేవాళ్ళు లెన్సుని వెచ్చగా ఉంచే పట్టీ తప్పక తీసుకెళ్ళండి. అయినా ఇంత సంతోషంగా ఏ ప్రయాణం నుంచీ తిరిగి రాలేదు.

ఆదివారం సాయంత్రం రైలు తణుకు దాటాక బాబాయి ఫోన్. "గట్టు మీదున్నామే. మిషను లేకుండా నేనే చూపించాను మీ పిన్నికి!"

"కబుర్లు తర్వాతండీ, మబ్బొచ్చేస్తోంది, ఇటు చూడండి" అంటోంది వెనక పిన్ని. ఫోన్ కట్టయింది.