షూ విప్పమనడానికి ఎనిమిది నెలలు

ఒక ఆదివారం ఉదయం మాదన్నపేట మార్కెట్లో నా కుడి పిక్క పట్టేసింది. ఆగాను, రెండు నిమిషాల్లో పోయింది. మళ్ళీ నడిస్తే అంతే దూరంలో మళ్ళీ పట్టేసింది. కోర్టు గుమాస్తాని, వాయిదాలు నాకు కొత్త కాదు. దీన్నీ వాయిదా వేశాను.

నడి మార్కెట్లో ఊరికే నిలబడితే ఏమైందని అడుగుతారు. అందుకని ఆగిన చోటల్లా బేరమాడేవాడిని. అంతసేపు బేరమాడి కొనకుండా కదలడం మర్యాద కాదు.

"ఇంట్ల ఇద్దరమే ఉన్నం. మూడు సొరకాయలు ఏం జేస్కుంటవ్?" అంది నా భార్య సులోచన. తాజాగా ఉన్నాయన్నాను.

మొదటి డాక్టర్ నరాల బలహీనత అని విటమిన్లు రాశాడు. రెండో ఆయన నడుముకు ఎంఆర్ఐ తీయించి, డిస్క్ బల్జ్ అని బెల్ట్ కట్టించాడు. ఎన్నడూ నొప్పి పెట్టని నడుముకు ఐదు నెలలు బెల్ట్ కట్టుకుని తిరిగాను. నడుము ఇప్పటికీ బాగానే ఉంది. మూడో ఆయన "వయసండీ" అన్నాడు. రెండు కాళ్ల వయసూ ఒకటే కదా అని అడగాలనిపించింది, కానీ వెనక లైన్ పెద్దగా ఉంది.

చివరికి ఒక ఆదివారం సులోచన సంచి పట్టుకుని నా వెంట మార్కెట్‌కు వచ్చింది. నేను ఆగిన చోటల్లా తనూ ఆగింది. మర్నాడు ఒక లేడీ ఫిజీషియన్ దగ్గరకు తీసుకెళ్లింది. ఎంత దూరానికి నొప్పి వస్తుందని డాక్టరమ్మ అడిగితే, పెద్దగా ఏం లేదన్నాను.

"అబద్ధం మేడం," అంది సులోచన. "సొరకాయల కాడ ఒకసారి, వంకాయల కాడ ఒకసారి, కొత్తిమీర కాడ ఒకసారి ఆగిండు. ఎనిమిది నెలల సంది ఇంట్ల కూరలు కుళ్ళిపోతున్నయ్."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, "షూస్, సాక్స్ విప్పండి" అంది. ఆ మాట అన్న మొదటి డాక్టర్ ఆమే. ఎడమ పాదం మీద పల్స్ వెంటనే దొరికింది. కుడి పాదం మీద చాలాసేపు వెతికింది, దొరకలేదు.

కాలి రక్తనాళాలకు తీసిన డాప్లర్ స్కాన్‌లో అథెరోస్క్లెరోసిస్ అని తేలింది. అంటే ధమనుల గోడల్లో కొవ్వు, కాల్షియం పేరుకుని, అవి గట్టిపడి ఇరుకవడం. కాలిలో ఉంటే గుండెలోనూ ఉండొచ్చు, చూడాల్సిందే అంది డాక్టరమ్మ. ఈసీజీ, ఎకో తేడాగా వచ్చాయి. యాంజియోగ్రామ్‌లో గుండె ధమని ఒకటి చాలావరకు మూసుకుపోయి కనబడింది. స్టెంట్ వేశారు. ఆ గుండె నాకు ఒక్కరోజైనా ఫిర్యాదు చేయలేదు.

మాత్రలు ఇచ్చారు, సిగరెట్ మానిపించారు. కాలికి మందు నడకేనట. నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, మళ్ళీ నడవాలి. నొప్పి తగ్గడానికి నొప్పి తెచ్చుకోమన్నందుకు ఒళ్లు మండింది. అయినా నడిచాను. నొప్పి లేకుండా నడిచే యాభై అడుగులు మూడు నెలల్లో మూడు వందలయ్యాయి. ఆ సంతోషంలో కోర్టుకు వెళ్లే దారిలో నయాపూల్ దగ్గర రోజుకో సిగరెట్ మొదలుపెట్టి, మళ్ళీ వందకు పడిపోయాను.

డాక్టరమ్మ తిట్టలేదు. "కాలు మీకు చెప్తోంది, అదృష్టం. గుండె చెప్పలేదు కదా" అంది. సులోచన కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ రోజు నుంచి సిగరెట్ తాగలేదు.

ఇప్పుడు మార్కెట్ ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా నడుస్తాను. సొరకాయలాయన "క్యా సాబ్, నారాజ్ హై క్యా?" అంటాడు, నా మీద కోపమొచ్చిందా అన్నట్టు.

నడిస్తే వచ్చి ఆగితే పోయే నొప్పి మీకుంటే, డాక్టర్ అడిగేదాకా చూడకండి. కూర్చోగానే షూ మీరే విప్పి, పాదం మీద పల్స్ చూడమనండి. నాకూ మొదట్లోనే విప్పాలనిపించింది. కానీ కుడి సాక్సుకు బొటనవేలు దగ్గర చిల్లు ఉండింది.